మిగిలినవారు ఒంటరిగా ఉండగలిగే ఇల్లు

బెంగళూరులో ఇల్లు వెతికిన నాలుగు నెలలూ నా చేతిసంచిలో కొలత టేపు ఒకటి ఉండేది. ఏ ఫ్లాట్ చూపించినా ముందు స్నానాలగది దగ్గరికి వెళ్లి తలుపు వెడల్పు కొలిచేదాన్ని. 24 అంగుళాలు, 26, మళ్లీ 24. చిన్న పుస్తకంలో రాసుకొనేదాన్ని. మా అత్తగారు చివరి రెండేళ్లు చక్రాల కుర్చీలో గడిపారు. అనంతపురంలోని పాత ఇంట్లో ఆ కుర్చీ స్నానాలగది గుమ్మంలో పట్టేది కాదు. ఇద్దరు మనుషులు ఆవిడను ఎత్తి లోపలికి తీసుకెళ్లేవారు. ఎత్తినంతసేపూ ఆవిడ కళ్లు గట్టిగా మూసుకొనేవారు. సెలవులకు వచ్చిన రెండు వారాల్లో నేను రోజూ చూసిన దృశ్యం అది. పన్నెండేళ్లయినా మరిచిపోలేదు.

నాకు 63 ఏళ్లు, మావారికి 68. 1991లో న్యూజెర్సీ వెళ్లాం, 2006లో అక్కడి పౌరసత్వం తీసుకున్నాం. ఉద్యోగాలు అయిపోయాక తిరిగి వచ్చేయాలన్నది ఇద్దరి కోరికా. మాలో ఎవరు ముందు పోయినా, మిగిలినవారు ఒంటరిగా ఉండగలిగే ఇల్లు కావాలనుకున్నాం. ఊరు మాత్రం అనంతపురం కాకుండా బెంగళూరు అనుకున్నాం. అమ్మాయి అమెరికాలోనే ఉంది, విమానాశ్రయం దగ్గరలో ఉండాలి, పెద్ద ఆసుపత్రి ఉండాలి, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే మధ్యాహ్నానికి అనంతపురం చేరాలి. నగరానికి ఉత్తరాన ఉన్న యలహంక వైపు ఈ మూడూ కుదిరాయి. కూరగాయల బండి దగ్గర, మందుల దుకాణంలో, లిఫ్టులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. మా సీమ యాస కూడా.

మొదటి దెబ్బ ఇంటి వెతుకులాటలో తగలలేదు, పొలం దగ్గర తగిలింది. ధర్మవరం దగ్గర మా మామగారి వేరుశనగ చేను మూడెకరాలు మావారికి వచ్చింది. దాన్ని ఆనుకొని ఉన్న రెండెకరాలు మా పెదమామగారి కొడుకు అమ్ముతానన్నాడు. ఆ చేనూ ఈ చేనూ ఒకప్పుడు ఒకటే. గట్టు తర్వాత వేసింది. మావారు ఎంతో ఆశపడ్డారు. బెంగళూరులో మా ఆడిటర్ విని, "అది మీరు కొనకూడదు సార్" అన్నారు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయ మూలాలవారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లం ఈ దేశంలో ఎన్నాళ్లయినా ఉండవచ్చు, వీసా అక్కర్లేదు, ఇల్లు కొనవచ్చు, దుకాణం కొనవచ్చు, రిజర్వు బ్యాంకు అనుమతి అడగనక్కర్లేదు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. ఎవరైనా ప్రేమతో రాసి ఇచ్చినా తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. మావారు చాలాసేపు మాట్లాడలేదు. "మా నాన్న దున్నిన నేల" అన్నారు చివరికి. ఆ రోజు ఆయనకు నేను చెప్పగలిగిన సమాధానం లేదు. ఆ రెండెకరాలు మా మరిది వేరేవాళ్లకు అమ్మాడు.

ఇలా వచ్చి స్థిరపడాలనుకొనేవాళ్లకు ఒక మాట చెప్తాను. పుట్టిన ఊరే కదా అని ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. చట్టం దృష్టిలో మనం విదేశీయులం. ఆ సంగతి మనసుకు కష్టంగా ఉన్నా, డబ్బు కట్టే ముందు గుర్తుంచుకోవాలి.

మేం చూసిన ఫ్లాట్లలో ఒకటి మా ఇద్దరికీ చాలా నచ్చింది. ఏడేళ్ల కట్టడం, తూర్పు వాకిలి, వంటింట్లోకి పొద్దున్నే ఎండ. ధర కూడా మేం అనుకున్న దానికంటే తక్కువ. తక్కువ ఎందుకని అడిగితే, అమ్మే ఆయన తొందరలో ఉన్నాడన్నారు. మా లాయరు కాగితాలు అడిగారు. నివాసయోగ్యతా పత్రం, ఇక్కడందరూ ఓసీ అనేది, లేదు. "త్వరలో వస్తుంది" అన్నారు బిల్డరు మనుషులు. ఏడేళ్లుగా జనం కాపురాలు చేస్తున్న భవనానికి ఇంకా రాని ఓసీ ఇక ఎప్పుడు వస్తుంది? ఖాతా కూడా బీ ఖాతా. బెంగళూరులో ఖాతా అంటే నగరపాలక సంస్థ రికార్డులో ఆస్తి వివరాల నమోదు. నిబంధనల ప్రకారం ఉన్నవి ఏ ఖాతా. ఏదో ఒక ఉల్లంఘన ఉన్నవాటి దగ్గర పన్ను వసూలు చేసుకోవడానికి రాసుకొనే వేరే రిజిస్టరు బీ ఖాతా. పన్ను కట్టిన రశీదు చూసి అంతా సక్రమమే అనుకొని మోసపోయినవాళ్లను నేనిక్కడ ముగ్గురిని కలిశాను.

అయినా మావారికి ఆశ పోలేదు. ఆ వంటింటి ఎండ నాకూ నచ్చింది. అప్పుడు లాయరు మదర్ డీడ్ నకలు తెప్పించారు. ఆ స్థలం మొదట ఎవరి చేతిలో ఉండేదో చెప్పే మూలపత్రం. కన్నడంలో చేతిరాతతో ఉంది. హిందూపురంలో కన్నడ బస్సుల బోర్డులు చదువుతూ పెరిగినదాన్ని, ఆ లిపి నాకు కొత్త కాదు. రాత్రి భోజనం అయ్యాక భూతద్దం పట్టుకొని కూర్చున్నాను. క్రయపత్రం అన్న మాట తెలిసింది. గుంటె అంటే మన గుంట, నలభై అయితే ఎకరం. చెక్కుబంది అంటే మనకూ అదే, నాలుగు వైపుల హద్దులు. పడమర ఫలానావారి జమీను. ఉత్తరాన బండిదారి. తూర్పున... ఆ మాట మూడుసార్లు చదివాను. రాజకాలువె.

ఒక చెరువు నిండితే నీరు ఇంకో చెరువుకు పోయేలా బెంగళూరులో పూర్వులు తవ్విన పెద్ద కాలువలు రాజకాలువెలు. వాటి గట్టు నుంచి ఇంత దూరంలో కట్టడం ఉండకూడదని నియమం. 2022 సెప్టెంబరులో వానలకు యెమలూరు, బెళ్లందూరు వైపు ఖరీదైన ఇళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. జనాన్ని ట్రాక్టర్ల మీద తరలించారు. ఆ తర్వాత కాలువల మీదికి వచ్చిన కట్టడాలను కూల్చారు కూడా. మేం చూసిన భవనానికి తూర్పున కాలువ ఏదీ? మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాం. సిమెంటు పలకలు పరిచిన నడకదారి ఉంది, పక్కన పూలమొక్కలు. ఒక పలక సందులోంచి నల్లటి నీరు కదులుతూ కనిపించింది. మావారు వంగి చూసి లేచి, "పదండి, వెళ్దాం" అన్నారు. ఆ ఫ్లాట్ ప్రస్తావన మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి మేం ఏ ఇంటికి వెళ్లినా గోడల కంటే ముందు కాగితాలు అడిగాం. వాటితోపాటు అసోసియేషన్ వాళ్లను 2024 మార్చి, ఏప్రిల్ నెలల నీటి ట్యాంకర్ల బిల్లులు చూపించమన్నాను. బెంగళూరు నీటికి అల్లాడిన వేసవి అది. ఆ రెండు నెలలు ఎలా గడిపారో తెలిస్తే ఆ సముదాయం సంగతి తెలిసినట్టే. ఇద్దరు కార్యదర్శులు ముఖం చిట్లించారు. ఒకాయన మాత్రం లోపలికి వెళ్లి ఫైలు తెచ్చి, బోర్లలో నీరు ఎప్పుడు తగ్గిందో, రోజుకు ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో వివరంగా చెప్పారు. మేం చివరికి కొన్నది ఆ సముదాయంలోనే.

రెండో అంతస్తు, రెండు పడకగదులు, కోటీ 10 లక్షలు. 2012 నాటి కట్టడం. ఓసీ ఉంది, ఏ ఖాతా ఉంది, ఆస్తి మీద భారాలు చూపే పత్రం, ఈసీలో ఏ తాకట్టూ లేదు. 2024 అక్టోబరు నుంచి బెంగళూరులో ఆన్‌లైన్‌లో తీసే ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ చేయరు, అదీ తీసి ఉంచారు. స్నానాలగది తలుపు మాత్రం 26 అంగుళాలే. ఆ గోడ బరువు మోసే గోడ కాదని ఇంజనీరు చెప్పాక ఒప్పుకున్నాను.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. అమ్మే ఆయన ఆస్ట్రేలియాలో ఉంటాడు. ఇక్కడ తమ్ముడికి పవరాఫ్ అటార్నీ ఇచ్చాడు. ఆ తమ్ముడు మర్యాదస్తుడే, "అమ్మా, ఒక శాతం టీడీఎస్ కట్టేయండి, ఇక్కడ అందరూ కట్టేది అంతే" అన్నాడు. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఇల్లు కొంటే కొన్నవాళ్లు ఒక శాతం మినహాయించుకొని ప్రభుత్వానికి కట్టాలన్నది నిజమే. అయితే అది అమ్మేవారు ఇక్కడి నివాసి అయినప్పుడు. అమ్మేవారు ప్రవాసి అయితే లెక్క వేరు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను, దానిపై సర్‌చార్జి, సెస్సు. కోటి దాటిన మొత్తానికి అన్నీ కలిపి 14.95 శాతం. మా ఆడిటర్ కాగితం మీద వేసి చూపించారు: ఒక శాతం అయితే లక్షా 10 వేలు, ఇదైతే 16 లక్షల 44 వేల 500. "తక్కువ కోస్తే తేడా మీ దగ్గర వసూలు చేస్తారు మేడం. వడ్డీతో. ఆయన ఆస్ట్రేలియాలో ఉంటారు, మీరు ఇక్కడే దొరుకుతారు" అన్నారు.

ఆ తమ్ముడికి కోపం వచ్చింది. అన్నకు లాభం అంత లేనప్పుడు మొత్తం ధర మీద ఎందుకు కోయాలని అడిగాడు. అతని బాధ న్యాయమైనదే. అందుకు దారి కూడా చట్టంలోనే ఉంది. అమ్మేవారు ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు (2025లో అది ఫారం 13) చేస్తే, అసలు లాభం లెక్కగట్టి ఇంత శాతం కోస్తే చాలని సర్టిఫికెట్ ఇస్తారు. ఆయన ఆ ఫ్లాట్ 48 లక్షలకు కొన్నాడు. లాభం 62 లక్షలు. కాబట్టి రేటు 8 శాతానికి కొంచెం పైన వచ్చింది. అయితే అప్పట్లో ఆ సర్టిఫికెట్‌లో కొనేవాళ్ల టాన్ (పన్ను కోసి కట్టేవాళ్లకిచ్చే నంబరు) ఉండాలి. అంటే ముందు నేను టాన్ తీసుకోవాలి. ఈ వరస తెలియక ఎందరో అగ్రిమెంటు అయ్యాక వెనక్కి పరుగెడతారు. మేం మార్చిలో టాన్ తీసుకొని, 2025 ఏప్రిల్ మొదటి వారంలో అగ్రిమెంటు రాశాం. అడ్వాన్సు మీద కూడా పూర్తి రేటున కోయాలి కాబట్టి అడ్వాన్సు లక్షకు మించకుండా చూశాం. అందులో 14,950 కోసి మిగతాది ఇచ్చాం. సర్టిఫికెట్ రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆ తమ్ముడు రోజూ ఫోన్ చేసేవాడు, తర్వాత తర్వాత మావారి ఆరోగ్యం కూడా అడిగేవాడు. ఇప్పటికీ పండగకు పలకరిస్తాడు.

డబ్బు సంగతి. డాలర్ నోట్లు ఇచ్చి ఇల్లు కొనడానికి వీల్లేదు. బయటి నుంచి బ్యాంకు ద్వారా రావాలి, లేదా ప్రవాసుల ఖాతాల నుంచి కట్టాలి: విదేశీ సంపాదన వేసుకొనేది ఎన్‌ఆర్‌ఈ, ఇక్కడి రాబడి వేసుకొనేది ఎన్‌ఆర్‌ఓ. మేం మొత్తం ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచే కట్టాం. దీనికి కారణం ఉంది. రేపు ఒకరమే మిగిలి, అమ్మాయి దగ్గరికి తిరిగి వెళ్లిపోయి ఇల్లు అమ్మవలసి వస్తే, ఎన్‌ఆర్‌ఈ నుంచి పెట్టిన సొమ్మును మళ్లీ బయటికి తీసుకెళ్లడం సులభం. ఇళ్లయితే రెండింటి వరకు ఆ వీలు ఉంది. ఎన్‌ఆర్‌ఓ దారిలో ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి, వేరే ఫారాలు. అమెరికా నుంచి సొమ్ము వచ్చిన ప్రతిసారీ బ్యాంకు ఇచ్చిన రెమిటెన్స్ పత్రాన్ని ఫైల్లో పెట్టాను. ఆ ఫైలు మీద మావారు పెద్ద అక్షరాలతో "పారేయకూడదు" అని తెలుగులో రాశారు.

జూన్‌లో రిజిస్ట్రేషన్. స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6, రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతం. మొత్తం 7 లక్షల 26 వేలు. అదే ఏడాది ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ రుసుమును 2 శాతం చేశారు. ఇప్పుడు కొనేవాళ్లు 7.6 శాతం లెక్క వేసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చిన్న కెమెరా ముందు కూర్చోబెట్టి ఫొటో తీశారు, బొటనవేలి ముద్ర తీసుకున్నారు. మావారి వేలి గీతలు అరిగిపోయి యంత్రం మూడుసార్లు ఒప్పుకోలేదు. గుమాస్తా కుర్రాడు లేచి వచ్చి, ఆయన వేలు తన చొక్కా అంచుతో తుడిచి, మెల్లగా అదిమి పట్టుకున్నాడు. ముద్ర పడింది. "ఆయితు తాతా" అన్నాడు. అయిపోయింది తాతా అని.

దస్తావేజులో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా, ఒకరు పోతే రెండోవారిదే అనుకున్నాను. న్యూజెర్సీలో భార్యాభర్తలు కలిసి కొన్న ఇల్లు అలాగే మిగిలినవారికి వస్తుంది. ఇక్కడ అలా కాదని లాయరు చెప్పేదాకా నాకు తెలియదు. విల్లు లేకుండా మావారు కన్నుమూస్తే ఆయన సగం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాకూ మా అమ్మాయికీ సమానంగా వస్తుంది. అమ్మాయి మంచిదే, దానితో నాకు తగాదా లేదు. కానీ ఇల్లు అమ్మాలంటే దాని సంతకం కావాలి. అది అమెరికాలో పవరాఫ్ అటార్నీ రాసి, అక్కడే ధ్రువీకరణ చేయించి పంపాలి. అదీ ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. నేను ఆసుపత్రి ఖర్చుకు ఇల్లు అమ్ముకోవాల్సిన రోజు వస్తే ఆ తిరుగుళ్లు ఎవరు తిరుగుతారు? నెల తిరగకుండా ఇద్దరం విడివిడిగా విల్లులు రాశాం. సగం ఎదుటివారికి, ఇద్దరం పోయాక అమ్మాయికి. విల్లుకు స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మేం చేయించాం. లక్షలు పెట్టి ఇల్లు కొని ఈ రెండు పేజీలు రాయకుండా వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

మిగతావి త్వరగానే అయ్యాయి. అమెరికాలో పెద్దవయసువారికి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇక్కడి ఆసుపత్రి బిల్లు కట్టదు. అయినా అందులో డాక్టరు ఖర్చుల భాగమైన పార్ట్ బీకి మావారి పేరున 2025లో నెలకు 185 డాలర్ల చొప్పున కడుతూ వచ్చాం. మానేసి మళ్లీ చేరితే ఆలస్యమైన ప్రతి ఏడాదికీ పదేసి శాతం అదనంగా పడుతుంది. మిగిలినవారు తిరిగి వెళ్లే అవకాశం ఉంది కాబట్టి మానలేదు. ఇక్కడ వేరే ఆరోగ్య బీమా తీసుకున్నాం. వయసు మీరిందని తిరస్కరించే పరిమితిని 2024లో తీసేశారు. మావారి మధుమేహానికి మాత్రం కొంతకాలం ఆగాలి. ఆ నిరీక్షణ మూడేళ్లకు మించకూడదని నియమం. సోషల్ సెక్యూరిటీ మీద ఇక్కడ పన్ను లేదు, రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది అమెరికాకే. అమెరికా పౌరులం కాబట్టి ఇక్కడి బ్యాంకుల్లో అన్నీ కలిపి పదివేల డాలర్లు దాటితే ఏటా అక్కడి ప్రభుత్వానికి ఆ ఖాతాల వివరాలు చెప్పాలి. పౌరసత్వం ఉన్నన్నాళ్లూ ఆ పని తప్పదు.

అక్టోబరులో సామాను వచ్చింది. స్నానాలగది గోడ కొట్టి తలుపు 34 అంగుళాలు చేయించాం. మేస్త్రీ కర్నూలువాడు. "ఇంత వెడల్పు ఎందుకమ్మా?" అని అడిగాడు. మా అత్తగారి సంగతి చెప్పాను. ఏమీ అనకుండా వెళ్లి, గుమ్మం దగ్గర ఉన్న గట్టు కూడా తొలగించి నేలకు సమంగా చేసి పెట్టాడు. నేను అడగలేదు.

ఇన్నేళ్లూ బ్యాంకు పనులు ఆయనవి, ఇంటి పనులు నావి. ఇప్పుడు ఒకరి పని ఇంకొకరం నేర్చుకుంటున్నాం. గత నెల నేను ఒక్కదాన్నే బ్యాంకుకు వెళ్లి ఖాతాలు మార్పించాను. స్థిరపడటానికి వచ్చేశాక ఎన్‌ఆర్‌ఈ ఖాతా అలాగే ఉంచుకోకూడదు. ఆయన బయట కారులో కూర్చున్నారు, లోపలికి రాలేదు. కరెంటు మీటరు ఇంకా పాత యజమాని పేరునే ఉంది. సోమవారం ఆయన ఒక్కరే బెస్కాం కార్యాలయానికి వెళ్తారు. దస్తావేజు నకలు, ఖాతా, గత నెల బిల్లు ఒక కవరులో పెట్టి ఇచ్చాను. కన్నడంలో పేరు మార్పు అని ఎలా అడగాలో రాసివ్వమన్నారు. తెలుగు లిపిలో రాసిచ్చాను: "హెసరు బదలావణె మాడబేకు." పొద్దుటి నుంచి నడవాలో తిరుగుతూ అదే వల్లె వేస్తున్నారు.